చిన్న బేస్ ఆంప్ ఇంట్లో రికార్డింగ్‌కి పనికొస్తుందా?

గాజువాక నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. నాలుగు స్ట్రింగుల జాజ్ టైపు బేస్ గిటార్ ఉంది, బేస్‌నీ మైక్‌నీ లాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది, లాప్‌టాప్ ఉంది. ఎవరో 8 అంగుళాల స్పీకర్ ఉన్న 15 వాట్ల పాత బేస్ ఆంప్ (బేస్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) ఆరు వేలకి ఇస్తామంటున్నారట. "అన్నా, 10 బై 12 గదిలో పాటలు రికార్డ్ చేసుకోడానికి ఇది చాలుతుందా, లేక ఆగి డబ్బు పోగేసి పెద్దది కొనమంటారా?" అని అడిగాడు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆంప్ బాగుంటే తీసుకో. కానీ రికార్డింగ్ మొత్తం దాని మీదే పెట్టకు. బేస్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి ఒక ట్రాక్ తీసుకో, ఆంప్ నుంచి ఇంకో ట్రాక్ తీసుకో, రెండూ కలిపి వాడు. పెద్ద ఆంప్ కోసం ఆగాల్సిన పనే లేదు. ఆ గదిలో 300 వాట్ల ఆంప్ పెట్టినా నీకు ఒరిగేదేమీ ఉండదు, కింది ఇంటివాళ్ళతో గొడవ తప్ప.

నేను ఇరవై ఏళ్ళకి పైగా వైజాగ్‌లోనే బేస్ వాయిస్తున్నాను. మొదట ఆర్కెస్ట్రాల్లో, పెళ్ళిళ్ళలో, తర్వాత భక్తి పాటలకీ చర్చి పాటలకీ షార్ట్ ఫిల్ములకీ. ఇప్పుడు పని ఎక్కువగా కంచరపాలెంలో మా ఇంట్లో ఒక గదిలోనే జరుగుతుంది. రైలు పట్టాలకి దగ్గర ఇల్లు. గూడ్స్ బండి వెళ్తుంటే మైక్‌లో ఎలా పడుతుందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మంచి స్టూడియోలో కూర్చుని చెప్తున్నది కాదు, నీలాంటి గదిలోనే చేసి చూసింది.

డైరెక్ట్ ట్రాక్ ఎందుకు తప్పనిసరో ముందు చూద్దాం. బేస్‌లో అన్నిటికన్నా కింది ఓపెన్ ఇ స్ట్రింగ్ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఎ స్ట్రింగ్ 55, డి స్ట్రింగ్ 73, జి స్ట్రింగ్ 98. 8 అంగుళాల స్పీకర్, చిన్న చెక్కపెట్టె అంటే చాలావాటిలో 80, 100 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి శబ్దం గబగబా పడిపోతుంది. అంటే ఇ స్ట్రింగ్ అసలు స్వరం ఆ పెట్టెలోంచి దాదాపు బయటికి రావడం లేదు. మరి గదిలో కూర్చుని వింటే ఇ లాగే ఎందుకు వినిపిస్తోందంటే, ఆ 41కి రెట్టింపు 82 దగ్గరా, మూడు రెట్లు 123 దగ్గరా దానితో పాటే మోగే పై స్వరాల్ని స్పీకర్ బాగానే పలికిస్తుంది, వాటిని బట్టి మన చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. ఆడుతున్నప్పుడు తేడా తెలియదు. రికార్డ్ చేసి డ్రమ్స్ పక్కన పెట్టగానే తెలుస్తుంది, పాట కింద నేల లేనట్టు ఉంటుంది. ఈక్వలైజర్‌లో 40 దగ్గర పెంచుదామని చూస్తే అక్కడ పెంచడానికి ఏమీ ఉండదు, రైలు గుడగుడా ఫ్యాన్ మోతా పైకొస్తాయి.

ఇంటర్‌ఫేస్‌లోకి నేరుగా పెడితే ఆ 41 హెర్ట్జ్ పూర్తిగా, శుభ్రంగా దొరుకుతుంది. ఇదేదో పేదవాళ్ళ సర్దుబాటు అనుకోకు. 1960ల్లో డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డులకి జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్ ఎక్కువ భాగం నేరుగా కన్సోల్‌లోకి తీసుకున్నదే. అదే కాలంలో స్టూడియోలు ఇష్టపడి వాడిన ఆంపెగ్ బి-15 కూడా, 1960లో వచ్చింది, 25, 30 వాట్ల ఆంపే. స్పీకర్ మాత్రం 15 అంగుళాలు, ఆ తేడా పెద్దదే. కానీ రికార్డింగ్‌కి వాట్లు లెక్క కాదన్న సంగతి అప్పటినుంచీ ఉంది.

ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అనో హై-జెడ్ అనో బటన్ ఉంటుంది, అది నొక్కావా లేదా ముందు చూసుకో. పాసివ్ బేస్, అంటే లోపల బ్యాటరీ లేని బేస్, దాని పికప్‌కి (తీగల కదలికని పట్టే భాగం) 10 లక్షల ఓమ్‌ల దాకా ఉండే ఇన్‌పుట్ కావాలి. మైక్ ఇన్‌పుట్ రెండు మూడు వేల ఓమ్‌లు ఉంటుంది, దాంట్లో పెడితే పైభాగమంతా చచ్చిపోయి కంబళి కప్పినట్టు వస్తుంది. నా దగ్గరికి "బేస్ బాలేదన్నా, పికప్ మార్చాలేమో" అని తెచ్చినవాళ్ళలో ఇద్దరి సమస్య ఈ ఒక్క బటనే.

సరే, డైరెక్ట్‌లో అంతా దొరికేస్తే ఆంప్ ఎందుకు? ఇక్కడే చిన్న ఆంప్ విలువ తెలియాలి. మన పాటలు వినేది ఎక్కువ మంది ఫోన్‌లోనే, ఇయర్‌ఫోన్ కూడా లేకుండా ఫోన్ స్పీకర్‌లో. అందులో కింది స్వరాలు అసలు పలకవు. డైరెక్ట్ ట్రాక్ ఒక్కటే ఉంటే పెద్ద స్పీకర్లలో బేస్ నిండుగా ఉంటుంది, ఫోన్‌లో మాయమైపోతుంది. చిన్న ఆంప్‌ని కొంచెం గట్టిగా తోలితే దాని స్పీకరూ సర్క్యూటూ కలిసి ఒక గరగర పుట్టిస్తాయి, 200 నుంచి 1500 హెర్ట్జ్ మధ్య. ఆ ప్రాంతంలో ఎక్కువ భాగాన్ని ఫోన్ స్పీకర్ పలికించగలదు. అంటే చిన్న ఆంప్ ఏం చేయలేదో అది డైరెక్ట్ ట్రాక్ చేస్తుంది, డైరెక్ట్ ట్రాక్ ఎక్కడ వినపడదో అక్కడ చిన్న ఆంప్ వినపడుతుంది.

ఇది నాకు ఒక జానపద పాట దగ్గర బాగా తెలిసొచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన గాయకుడు, డప్పు, కీబోర్డు, బేస్. డైరెక్ట్‌గా తీసి మిక్స్ చేసి పంపాను. నా స్పీకర్లలో కమ్మగా ఉంది. ఆయన ఫోన్ చేసి "బేస్ పెట్టలేదేంటండీ?" అన్నాడు. పెట్టానండీ అని నేను, లేదండీ అని ఆయన. నా ఫోన్‌లో విని చూస్తే నిజంగానే లేదు, డప్పు కింద ఖాళీ. అప్పుడు మూలన ఉన్న 8 అంగుళాల ప్రాక్టీస్ ఆంప్‌లోకి అదే ట్రాక్ మళ్ళీ పంపి, గెయిన్ మూడొంతులు పెట్టి, మైక్ పెట్టి తీశాను. ఆ ట్రాక్ ఒక్కటే వింటే డబ్బాలో మాట్లాడినట్టు ఉంది. అసలు ట్రాక్ కింద కొంచెం కలిపాక ఫోన్‌లో బేస్ లైన్ నోటికి పట్టేంత స్పష్టంగా వచ్చింది. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇంకో కారణం, ఇది కొలతకి అందదు కానీ నాకు ముఖ్యం. హెడ్‌ఫోన్లో డైరెక్ట్ శబ్దం వింటూ ఆడితే వేళ్ళు బిగుసుకుంటాయి. పక్కనే ఆంప్ మోగుతుంటే చెయ్యి తనంతట తనే తేలికవుతుంది, ఎక్కడ గట్టిగా లాగాలో ఎక్కడ వదిలేయాలో తెలుస్తుంది. ఇప్పుడు ఉచితంగానే న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి, ఆంప్ శబ్దాన్ని కంప్యూటర్‌లోనే అనుకరించే ప్లగిన్లు దొరుకుతున్నాయి, చాలా బాగున్నాయి, నేనూ వాడతాను. నీకు రాత్రి 11 తర్వాతే టైం దొరుకుతుందంటే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఆంప్ మానేసి వాటితోనే మంచి రికార్డింగ్ చేయొచ్చు. కానీ ఆరు వేలకి రోజూ సాధన చేసుకునే ఆంప్ కూడా వస్తోంది కదా, అది వేరే లాభం.

ఇప్పుడు పని ఎలా చేయాలో.

నీ దగ్గర డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ఉంటే ఒకేసారి రెండూ తీయొచ్చు. బేస్ కార్డ్ డీఐలోకి, దాని లింక్ జాక్ నుంచి ఆంప్‌కి, ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ పెట్టే మూడు పిన్నుల జాక్) నుంచి ఇంటర్‌ఫేస్ మొదటి ఇన్‌పుట్‌కి, ఆంప్ ముందు పెట్టిన మైక్ రెండో ఇన్‌పుట్‌కి. డీఐ లేకపోతే ముందు నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి వాయించి రికార్డ్ చేసుకో, తర్వాత తీరిగ్గా ఆ ట్రాక్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి ఆంప్‌లోకి పంపి మైక్‌తో మళ్ళీ తీసుకో. రీఆంపింగ్ అంటారు. దానికి విడిగా బాక్సులు దొరుకుతాయి కానీ, చిన్న ఆంప్‌కైతే లైన్ అవుట్ వాల్యూమ్ బాగా కిందికి దించి పంపినా పని జరుగుతుంది. నాకు రెండో పద్ధతే ఇష్టం, ఎందుకంటే వాయించేటప్పుడు ఆట మీదే మనసుంటుంది, శబ్దం సంగతి మధ్యాహ్నం కింది వాళ్ళు ఆఫీసుకి వెళ్ళాక చూసుకోవచ్చు.

మైక్ గురించి ఎక్కువ టెన్షన్ పడకు. వాయిద్యాలకి వాడే షూర్ ఎస్‌ఎం57 మైక్ ఉంటే మంచిది, స్టేజీ మీద పాడే ఎస్‌ఎం58 ఉన్నా నడుస్తుంది. ఎలాగూ కింది స్వరాలు డైరెక్ట్ ట్రాక్ నుంచే వస్తున్నాయి కాబట్టి బేస్ డ్రమ్ మైకులు కొనక్కర్లేదు. మొబైల్ టార్చ్ వేసి గ్రిల్ గుడ్డ లోంచి చూడు, స్పీకర్ కోన్ ఎక్కడుందో మధ్యలో గుండ్రటి టోపీ ఎక్కడుందో కనిపిస్తుంది. టోపీకి ఎదురుగా పెడితే వేలి చప్పుడూ ఫ్రెట్ టకటకా ఎక్కువ వస్తాయి. టోపీ అంచు నుంచి కోన్ మీదికి రెండు వేళ్ళ వెడల్పు జరిపితే గుండ్రంగా వస్తుంది. గ్రిల్‌కి రెండు మూడు వేళ్ళ దూరంలో మొదలుపెట్టు. ఆ తర్వాత అంగుళం అంగుళం జరిపి పది సెకన్ల చొప్పున రికార్డ్ చేసి విను. అరగంట పడుతుంది, తర్వాత చాక్‌పీస్‌తో గుర్తు పెట్టేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

ఆంప్ మీద కింది స్వరాల్ని పెంచే బేస్ నాబ్‌ని సగానికి తగ్గించు. అందరూ దీనికి ఉల్టా చేస్తారు, చిన్నది కదా అని బేస్ పూర్తిగా తిప్పేస్తారు. దాంతో స్పీకర్ తన చేతకాని స్వరాలతో పెనుగులాడి కోన్ పడపడ కొట్టుకుంటుంది, మనకి కావలసిన మిడ్, అంటే మధ్య స్వరాలు కూడా పాడవుతాయి. మిడ్ కొంచెం పెంచు. వాల్యూమ్ సగం దగ్గర్లో చాలా చిన్న ఆంపులు బాగా పలుకుతాయి.

ఆంప్‌ని నేల మీద పెట్టకు. నేల మీద పెడితే అదురంతా స్లాబ్‌లోకి దిగిపోతుంది, అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్ళకి పాట వినపడదు, గుబగుబ మాత్రం వినపడుతుంది. మా కింద ఉండే ఆవిడ రెండుసార్లు పైకొచ్చి చెప్పారు, పాపం మర్యాదగానే. ప్లాస్టిక్ కుర్చీ మీద పాత దుప్పటి నాలుగు మడతలేసి దాని మీద ఆంప్ పెట్టడం మొదలుపెట్టాక మళ్ళీ రాలేదు. నాక్కూడా మైక్‌లో శబ్దం శుభ్రపడింది.

గదిలో అదిరే వస్తువుల సంగతి కూడా చూసుకో. ఇ స్ట్రింగ్ మీద ఓపెన్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కో నోట్ నెమ్మదిగా, సమానంగా వాయించు. ఏదో ఒక నోట్ దగ్గర బీరువా తలుపు జిర్ర్ అంటుంది, ఇంకోచోట కిటికీ అద్దం, ఇంకోచోట షెల్ఫ్‌లో స్టీలు గిన్నె మూత. మా గదిలో బి ఫ్లాట్ దగ్గర గోడ మీద ఫోటో ఫ్రేమ్ మోగేది. మొదటి ఏడాది ఆ చప్పుడు ఫ్రెట్ బజ్ అనుకుని బేస్ సెటప్ చేయించాను, తగ్గలేదు. తర్వాత ఫ్రేమ్ వెనక కాస్త స్పాంజి అంటిస్తే పోయింది.

10 బై 12 గది అన్నావు. 12 అడుగుల పొడవుకి 48 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకి 57 దగ్గర గది తనంతట తనే మోగుతుంది. సీలింగ్ కూడా 10 అడుగులే అయితే 57 దగ్గర రెండింతలు. ఇ స్ట్రింగ్ మూడో ఫ్రెట్ జి 49 హెర్ట్జ్. అందుకే ఆ జి గదిలో ఒక మూల భూమి కదిలినట్టు, గది మధ్యలో అసలు లేనట్టు వినిపిస్తుంది. వాయించే చెయ్యి సరిగ్గానే ఉంది, దానికి కంగారుపడి వేళ్ళ బలం మార్చుకోకు. మైక్ దగ్గరగా పెట్టి, కిందిది డైరెక్ట్ నుంచి తీసుకుంటే రికార్డింగ్‌లో ఈ గోల చాలావరకు పడదు. మిక్స్ చేసేటప్పుడు మాత్రం ఇదే గది మళ్ళీ మోసం చేస్తుంది, బేస్ లెవెల్‌ని హెడ్‌ఫోన్లో కూడా చూసి నిర్ణయించు.

ఇక హమ్మింగ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్ మోత. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వైజాగ్‌లో ఇంట్లో రికార్డ్ చేసేవాళ్ళ రికార్డింగులు ఎక్కువ పాడయ్యేది దీనివల్లే. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ హమ్ 50 దగ్గరా దాని రెట్టింపు 100 దగ్గరా ఉంటుంది. పైన చెప్పిన జి 49, ఓపెన్ జి స్ట్రింగ్ 98. చూశావా, సరిగ్గా పక్కపక్కనే. జి పట్టుకుని అలా నిలబెడితే స్వరం సెకనుకి ఒకటి రెండుసార్లు ఊగుతుంది, ఎవరో వాల్యూమ్ నాబ్ తిప్పుతున్నట్టు. మొదట్లో ఒక భక్తి పాట జి స్కేల్లో చేశాను, పల్లవి చివర లాంగ్ నోట్ నిలబడట్లేదు, స్ట్రింగ్ పాతదనుకుని మార్చాను, ట్యూనింగ్ మళ్ళీ మళ్ళీ చూశాను. చివరికి చూస్తే ఆంప్ త్రీ పిన్ ప్లగ్‌కి ఎర్త్ లేని టూ పిన్ అడాప్టర్ తగిలించి ఉంది. తీసేసి సరైన సాకెట్లో పెట్టగానే జి రాయిలా నిలబడింది.

కాబట్టి ఆంప్, ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్ అన్నీ ఎర్తింగ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి తీసుకో. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడు, సగం ఇళ్ళలో హమ్ అక్కడే పోతుంది. నీది జాజ్ టైపు కాబట్టి రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉంటాయి. రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తెరిచి పెడితే ఒకదాని హమ్ ఇంకోటి కొట్టేస్తుంది, ఒకటి తగ్గించావంటే మళ్ళీ వస్తుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా పెద్ద దొంగ, ఫ్యాన్ తక్కువ స్పీడ్‌లో ఉన్నప్పుడు పికప్‌లో జీ అని వస్తుంది. ఫ్యాన్ ఆపేయ్, లేదా పూర్తి స్పీడ్‌లో పెట్టు. హమ్ పోవాలని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, టేప్ చుట్టడం లాంటివి ఎప్పుడూ చేయకు. నీ రెండు చేతులూ ఇనప తీగల మీద ఉంటాయి, ఆ తీగలు ఆంప్ బాడీకి కలిసి ఉంటాయి. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది ఆడియో కేబుల్ షీల్డ్‌ని మాత్రమే విడదీస్తుంది, దాన్ని వాడుకోవచ్చు.

మైక్ లేకుండా ఆంప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఇంటర్‌ఫేస్‌లోకి పెడదామని నువ్వు తప్పకుండా అనుకుంటావు. చేయొచ్చు. కానీ ఒక గొయ్యి ఉంది. హెడ్‌ఫోన్ జాక్‌లో కుడికీ ఎడమకీ ఒకే శబ్దం వెళ్తుంది. దాన్ని స్టీరియో కార్డ్‌తో ఇంటర్‌ఫేస్ బాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెడితే, ఆ ఇన్‌పుట్ చేసే పనే ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేయడం కదా, బేస్ దాదాపు మాయమై దోమ మోతలాంటిది మిగులుతుంది. ఒక రోజంతా ఆంప్ పాడైందనుకుని తిరిగాను నేను. ఒక స్టీరియో పిన్ రెండు మోనో పిన్‌లుగా చీలే వై కేబుల్ తీసుకుని ఒక్క కాలు మాత్రం ఇంటర్‌ఫేస్‌లో పెట్టు, ఇన్‌పుట్‌ని లైన్‌లో ఉంచు. చాలా చిన్న ఆంపుల హెడ్‌ఫోన్ జాక్‌లో స్పీకర్ రంగు ఉండదు, ఓవర్‌డ్రైవ్ వేస్తే ఇసక రాలినట్టు ఉంటుంది. 4000 హెర్ట్జ్ పైన కోసేయ్, లేదా ఉచితంగా దొరికే క్యాబినెట్ ఇంపల్స్ (స్పీకర్ పెట్టె రంగుని అద్దే చిన్న ఫైల్) ఒకటి పెట్టు. కొన్ని ఆంపులకి, ఉదాహరణకి ఫెండర్ రంబుల్ 40కి, వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్ ఉంటుంది, అదుంటే ఈ తిప్పలేవీ లేవు. స్పీకర్‌కి వెళ్ళే వైరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటర్‌ఫేస్‌లో పెట్టకు, ఇంటర్‌ఫేస్ కాలిపోతుంది.

లెవెల్స్: 24 బిట్‌లో రికార్డ్ చెయ్, గట్టిగా కొట్టినప్పుడు మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. ఎర్రలైటు దాకా తీసుకెళ్ళడం వల్ల వచ్చేదేమీ లేదు.

రెండు ట్రాకులూ వచ్చాక అసలు పని కలపడంలో ఉంది. మైక్ అడుగు దూరంలో ఉంటే శబ్దం సెకనులో దాదాపు వెయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. అంత చిన్నదానికి ఏమవుతుందిలే అనిపిస్తుంది కానీ, డైరెక్ట్‌తో కలిపినప్పుడు 570 హెర్ట్జ్ చుట్టుపక్కల రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. వేలి గరగర ఉండేది అక్కడే. ఏ ఆంప్ ట్రాక్ కోసం ఇంత కష్టపడ్డామో అదే పోతుంది. అందుకే నేను ప్రతి టేక్ ముందు స్ట్రింగ్‌ని ఎడమ చేత్తో మూసి ఒక్కసారి 'టక్' అని కొడతాను. స్క్రీన్ మీద రెండు ట్రాకుల్లోనూ ఆ టక్ సూదిలా కనిపిస్తుంది, పెద్దది చేసుకుని రెంటినీ ఒకే గీత మీదికి జరుపుతాను. తర్వాత ఆంప్ ట్రాక్ పోలారిటీ బటన్ (అలని తలకిందులు చేసేది) నొక్కి, తీసి, రెండుసార్లు వింటాను. ఏది నిండుగా ఉంటే అదే. ఆంప్ ట్రాక్ కింద 120 హెర్ట్జ్ దగ్గర కోస్తాను, కోశాక పోలారిటీ ఇంకోసారి చూస్తాను, ఎందుకంటే ఆ ఫిల్టర్ కూడా అలల్ని కొంచెం జరుపుతుంది.

ఎంత కలపాలి అంటే నాకు లెక్కలేవీ లేవు. ఆంప్ ట్రాక్ ఫేడర్ కిందికి దించేసి పాట మొత్తం మోగుతుండగా నెమ్మదిగా పైకి తెస్తాను. మ్యూట్ చేస్తే లోటు తెలియాలి, ఉన్నప్పుడు విడిగా వినపడకూడదు. అక్కడ ఆపుతాను. తర్వాత ఫోన్ స్పీకర్‌లో ఒకసారి. రెండు ట్రాకుల్నీ ఒకే గ్రూపులో వేసి, శబ్దం హెచ్చుతగ్గుల్ని తగ్గించే కంప్రెసర్ పెడతాను, 4కి 1, అటాక్ (అది పూర్తిగా పట్టుకోడానికి తీసుకునే సమయం) 20, 30 మిల్లీసెకన్లు ఉంచితే వేలి దెబ్బ బతుకుతుంది.

ఇంక ఆ ఆంప్ కొనడం సంగతి. నీ బేస్, నీ కార్డ్ తీసుకుని వెళ్ళు. మన ఊళ్ళో ఉప్పుగాలికి ముందు పోయేది జాకులూ నాబ్‌లూ. ఇన్‌పుట్ జాక్‌లో టార్చ్ వేసి చిలుము పట్టిందేమో చూడు. ప్రతి నాబ్ నెమ్మదిగా తిప్పు, కరకర వస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. కార్డ్ పెట్టి కొంచెం కదిలించు, శబ్దం తెగి తెగి వస్తే జాక్ సోల్డరింగ్ వదిలింది, అది కూడా చిన్న పనే. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే, లేదా తక్కువ వాల్యూమ్‌లో కూడా ఇ స్ట్రింగ్ పడపడ మోగుతుంటే వదిలేయ్, స్పీకర్ మార్చే ఖర్చుకి ఇంకో ఆంప్ వస్తుంది. పది నిమిషాలు ఆన్‌లో ఉంచి కాలిన వాసన వస్తుందేమో చూడు.

వెనక స్టిక్కర్ మీద వోల్టేజ్ తప్పక చదువు. వైజాగ్‌లో అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఆంపులు చాలా తిరుగుతుంటాయి. వాటిమీద 120 వోల్టులు అని ఉంటే మన 230లో పెట్టిన క్షణం పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు కానీ దాని ధర కూడా లెక్కేసుకో.

ఆరు వేలూ దానికే పెట్టేయకుండా బేరమాడి ఓ వెయ్యి మిగుల్చుకోగలిగితే కొత్త స్ట్రింగ్స్ సెట్ వైపు పెట్టు. ఈ ఊళ్ళో చెమటకీ గాలికీ నికెల్ స్ట్రింగ్స్ తొందరగా మందగిస్తాయి. చచ్చిన స్ట్రింగ్‌ని ఏ ఆంపూ ఏ ప్లగిన్నూ బతికించలేదు. వాయించాక పొడి గుడ్డతో నాలుగు స్ట్రింగులూ కింది వైపు కూడా తుడిచి, బేస్‌ని బ్యాగ్‌లో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టు.

తెచ్చుకున్నాక మొదట పాట జోలికి వెళ్ళకు. ఆంప్ కుర్చీ మీద పెట్టి, మైక్ పెట్టి, ఇ స్ట్రింగ్ మూడో ఫ్రెట్ జి ఒక్కటి పది సెకన్లు నిలబెట్టి రికార్డ్ చెయ్. అది ఊగకుండా నిలబడిందో లేదో నాకు రాయి, ఊగుతుంటే ఏ ప్లగ్ ఎక్కడ పెట్టావో కూడా రాయి, అక్కడి నుంచి చూద్దాం.